పద్దెనిమిది డైరీలు, ఒక వయొలిన్ పెట్టె

సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు ఆయన అమలాపురంలోని నా కౌన్సెలింగ్ గదికి వచ్చారు. 51 ఏళ్ళ కొబ్బరి వ్యాపారి. అంబాజీపేట మార్కెట్‌తో ముప్పై ఏళ్ళ లావాదేవీలు. చేతిలో గుడ్డ సంచి, దాని నిండా డైరీలు. కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణాల వాళ్ళు, లారీ ఆఫీసుల వాళ్ళు పంచిపెట్టే రకం. వాటిని బల్ల మీద పేర్చి, "పద్దెనిమిది ఉన్నాయండి. లోపలంతా చదవక్కర్లేదు, మొదటి పేజీ చూస్తే చాలు" అన్నారు.

చూశాను. అన్నిటిలో అవే మూడు వాక్యాలు. వయొలిన్ మళ్ళీ మొదలుపెట్టాలి. రోజూ గంట నడవాలి. ఎం.కాం. పూర్తి చేయాలి. సిరా రంగు మారింది, చత్వారం వచ్చిన ఏడు నుంచి అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి, అంతే తేడా.

"నాకు పట్టుదల లేదమ్మా. దానికేమైనా మందు ఉందా?" అని అడిగారు. నేను డాక్టరును కానని, మందులు రాయనని, కూర్చుని మాట్లాడుకోవడమే నా పని అని చెప్పాను. "అయితే ఇంకా మంచిది. మందులు ఇప్పటికే నాలుగు మింగుతున్నాను" అన్నారు.

ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఆనవాలు పట్టే వీలున్న వివరాలు మార్చాను. నేను తప్పటడుగు వేసిన చోటును మాత్రం మార్చలేదు.

మొదటి అంచనా

ఎవరు వచ్చినా ముందు చూడవలసినవి కొన్ని ఉంటాయి. నిద్ర, ఆకలి బాగానే ఉన్నాయి. పని మీద విసుగు లేదు. మనవరాలి మాట ఎత్తితే ముఖం వెలిగింది. కుంగుబాటు లక్షణాలేమీ కనిపించలేదు. మధుమేహం ఆరేళ్ళుగా ఉంది. మూడు నెలల సగటు చక్కెర (HbA1c) 8.4 శాతానికి చేరిందని, నడక మొదలుపెట్టకపోతే మందు పెంచాల్సి వస్తుందని డాక్టరు హెచ్చరించారు. నా దాకా రావడానికి తొందరపెట్టింది ఆ కాగితమే.

ఇక పట్టుదల సంగతి. దాని గురించి నేరుగా అడగకుండా వ్యాపారం గురించి అడిగాను. దింపు కూలీలకు, ఒలుపు కూలీలకు డబ్బు ఇవ్వడంలో ఎన్నడూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదట. తోటల్లో దింపు నెలన్నరకో, రెండు నెలలకో ఒకసారి వస్తుంది. ఏ రైతు తోట ఏ వారంలో దింపుకు వస్తుందో కాగితం చూడకుండా చెప్పుకుంటూ పోయారు. కురిడీ, అంటే చిప్పలోనే గుండుగా ఎండే కొబ్బరి, కోసం అటక ఎక్కించిన కాయను పది నెలలు కదపకుండా ఉంచే మనిషి. మధ్యలో పచ్చికాయ ధర ఎగబాకినా తొందరపడి దించరు. ఇలాంటి మనిషికి పట్టుదల లేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

డైరీలు ఒక రాత్రి నా దగ్గర ఉంచమన్నాను. నాకు కావలసింది మొదటి పేజీలు కావు, చివరి రాతలు. "ఈ రోజు నడిచాను", "సరళీ వరసలు, అరగంట" లాంటి చిన్న రాతలు ఒక్కో డైరీలో ఏ తేదీన ఆగిపోయాయో చూశాను. పదమూడు డైరీలు జనవరి 8కీ 13కీ మధ్య ఆగాయి. మూడు ఫిబ్రవరి దాకా వెళ్ళాయి. ఒకటి ఏప్రిల్ చూసింది. ఒకదానిలో మొదటి పేజీ తప్ప ఏమీ లేదు.

కోనసీమలో పుట్టినవాళ్ళకు ఆ తేదీల గురించి వివరించక్కర్లేదు. జనవరి 8 నాటికి ఇళ్ళకు సున్నాలు, అరిసెల పాకాలు, హైదరాబాద్ నుంచి పిల్లల రాక. తర్వాత భోగి, పండుగ. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళు ప్రభను, అంటే దేవుణ్ణి నిలిపిన పెద్ద వెదురు చట్రాన్ని, భుజాన వేసుకుని వరిచేలకు, కాలువకు అడ్డంపడి నడిచే రోజు అది. ఆ వారంలో అయిదింటికి లేచి వయొలిన్ పట్టుకునే మనిషి ఉంటే అతణ్ణి చూడటానికి నేనే వెళ్తాను.

కొత్త సంవత్సరం, నెల మొదలు, పుట్టినరోజు లాంటి గుర్తులు దాటగానే మనుషులకు కొత్త ఊపు వస్తుందని పరిశోధకులు హెంగ్చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించారు. అలాంటి రోజుల తర్వాత వ్యాయామశాలలకు వెళ్ళేవాళ్ళు పెరుగుతారు. ఊపు అబద్ధం కాదు. కాకపోతే జనవరి 1న పుట్టిన ఊపుకు మన డెల్టాలో ఆయుష్షు రెండు వారాలు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. పండుగకు ఆగితే ఆగింది, కనుమ వెళ్ళాక ఎందుకు మళ్ళీ మొదలుకాలేదు? అదే అడిగాను. "తెగిపోయింది కదమ్మా. ఇక వచ్చే ఏడు శుభ్రంగా మొదటి నుంచి చూసుకుందాం అనిపిస్తుంది" అన్నారు. ఆహార నియమం మీద పరిశోధనలు చేసిన జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ వర్ణించిన స్థితి ఇదే. పథ్యంలో ఉన్నవాళ్ళు ఒకసారి తప్పితే, ఆ తప్పినదాన్ని అక్కడితో ఆపరు. ఎలాగూ చెడింది కదా అని ఇంకా ఎక్కువ తింటారు. ఒక అరిసె నోట్లో వేసుకున్నాక డబ్బా ఖాళీ చేయడం మనలో ఎవరం చేయలేదు?

పంతొమ్మిదో డైరీ

ఇంత చూసి కూడా నేను చేసిన పని చెబుతాను. ఉదయం 5కు నడక, 6కు వయొలిన్, రాత్రి భోజనమయ్యాక గంట చదువు అని పట్టిక గీసి ఇచ్చాను. అయిన రోజుకు ఎర్ర గుర్తు. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని ఆయన కొడుకు ఫోనులో ఏదో చూపించాడట. నేను ఆ మాటను గట్టిగా ఖండించలేదు కూడా. మూడో వారం కల్లా నిలబడుతుందిలే అనుకున్నాను.

పదకొండు రోజులు ఎర్ర గుర్తులు పడ్డాయి. పన్నెండో రోజు తెల్లవారుజామున రాజస్థాన్ లోడుకు లారీ వచ్చింది. పదమూడో రోజు ఆయన లేవలేదు. తర్వాత రెండు వారాలూ నా దగ్గరకు రాలేదు. ఫోన్ చేస్తే మొదట పని ఒత్తిడి అన్నారు, తర్వాత గొంతు తగ్గించి, "మిమ్మల్ని మోసం చేసినట్టు ఉందమ్మా" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పద్దెనిమిది డైరీలతో వచ్చిన మనిషికి నేను పంతొమ్మిదోది తయారుచేసి చేతిలో పెట్టాను. తప్పే రోజు ఉండదన్న లెక్కతో గీసిన పట్టిక అది. తప్పిన రోజున ఏం చేయాలో దానిలో ఒక్క గడి కూడా లేదు.

ఇరవై ఒక్క రోజుల మాట 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసినదాని నుంచి పాకింది. ఆయన చెప్పింది, శస్త్రచికిత్స తర్వాత కొత్త రూపానికి రోగులు అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతుందని. నడకకూ సంగీతానికీ దానితో సంబంధం లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అందరి అంకెలనూ వరసగా పేరిస్తే నడిమిది 66. ఆ అధ్యయనంలో నాకు అంతకంటే విలువైనది ఇంకొకటి. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం చెడిపోలేదు. ఈ ముక్క ఆయనకు మొదటి రోజే చెప్పి ఉండవలసింది. ఆలస్యంగానైనా, క్షమాపణతో కలిపి చెప్పాను.

మూడు వాక్యాలు మూడు రకాలు

రెండో విడతలో పట్టికలు పక్కన పెట్టి, ఆ మూడు వాక్యాలు ఎవరివో చూద్దామన్నాను. పన్నెండో ఏట వయొలిన్ పట్టి, మోహన రాగ వర్ణం దాకా నేర్చుకున్నారు. ఎం.కాం. మొదటి సంవత్సరంలో ఉండగా తండ్రి హఠాత్తుగా పోయారు. చదువూ సంగీతమూ ఒకే వారంలో ఆగిపోయాయి. కొట్టు ఆయన చేతికి వచ్చింది.

"నాన్నగారు ఇప్పుడు వచ్చి, ఎం.కాం. అక్కర్లేదురా అంటే ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆలోచించలేదు. "ఆ దరఖాస్తు కాగితాలు ఆ రోజే చించేస్తానండి. నాలుగుసార్లు కొన్నాను."

"వయొలిన్ అక్కర్లేదంటే?"

ఈసారి నవ్వారు. "అక్కర్లేదనే అన్నారమ్మా అప్పట్లో. కొట్టు వెనక గోదాములో దాక్కుని సాధన చేసేవాణ్ణి."

గదిలో కొంతసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఏళ్ళ తరబడి మోస్తున్న లక్ష్యాలను చూసేటప్పుడు నేను ఇప్పుడు మొదట అడిగేది ఈ ప్రశ్నే. ఒకటి ఆయన కోరిక. ఒకటి డాక్టరు చెప్పిన అవసరం. మూడోది తండ్రికి తీర్చవలసిన బాకీ అని ఆయన అనుకున్నది. మూడింటినీ ఒకే పేజీలో, ఒకే సిరాతో రాయడం వల్ల ఒకదాని బరువు మిగతా రెండింటి మీద పడింది. సాయంత్రం అరగంట ఖాళీ దొరికినా వయొలిన్ తీయలేకపోయేవారట. "చదువుకోకుండా వాయించుకుంటున్నానా" అనిపించేదట.

లక్ష్యాన్ని వదలడం మన దగ్గర ఓటమి కింద లెక్క. మనస్తత్వ శాస్త్రవేత్త కార్స్టెన్ రోష్, ఆయన సహచరులు 2003లో చూపింది వేరు. అందని లక్ష్యాన్ని వదిలి, మరొక దాని మీద మనసు పెట్టగలిగినవాళ్ళు మానసికంగా మెరుగ్గా ఉన్నారు. ఎం.కాం. అందనిదేమీ కాదు, సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వదలమని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పలేదు కూడా. రెండు వారాల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. పాత పుస్తకాలు అటక మీది నుంచి దించి, ఊళ్ళో బి.కాం. చదివే కుర్రాడికి ఇచ్చేశారట. "తద్దినం పెట్టినంత తేలిగ్గా ఉందమ్మా" అన్నారు. ఆ పోలిక నాకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అయింది.

పెట్టె తెరవడం

వయొలిన్‌కు మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గాల్విట్జర్ 1999 నాటి వ్యాసంలో వివరించిన పద్ధతి వాడాం. "సాధన చేస్తాను" అనుకోవడానికి బదులు, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే ముడి వేసుకోవడం. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. 2006లో గాల్విట్జర్, పాస్కల్ షీరన్ 94 పరీక్షల ఫలితాలను కలిపి చూసి, ఈ ముడికి చెప్పుకోదగ్గ బలం ఉందని తేల్చారు.

ఏ ముడి? ఉదయం మీద ఆయనకు అధికారం లేదు. దింపులు, లారీలు, ఒలుపులు అన్నీ ఉదయానివే. ఆయన రోజులో ఎన్నడూ తప్పని క్షణం ఒకటే: రాత్రి కొట్టు షట్టరు దించడం. పండుగనాడైనా, తుఫానునాడైనా ఆ షట్టరు ఆయన చేత్తోనే దిగుతుంది. అందుకని, "షట్టరు సగం దించగానే లోపలి గదిలోకి వెళ్ళి వయొలిన్ పెట్టె తెరుస్తాను" అన్నది ఒప్పందం. తెరిచి నాలుగు తీగలు శ్రుతి చేస్తే ఆ రోజు పని అయినట్టే. ఆ తర్వాత వాయించడం ఆయన ఇష్టం.

ఇంకొకటి చెప్పాను: ఎవరికీ చాటవద్దని. ప్రతి జనవరిలో కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పడం, వాళ్ళు "ఓహో" అనడం, ఆ మెప్పుతోనే సగం పని అయిపోయినట్టు అనిపించడం ఆయనకు రివాజు. గాల్విట్జర్ బృందమే 2009లో ఇలాంటిది ఒకటి గమనించింది. మనం ఫలానా మనిషిమి కావాలన్న సంకల్పం ఇతరుల గుర్తింపు పొందితే, దాని కోసం చేసే శ్రమ తగ్గుతుంది. భార్యకు మాత్రం చెప్పక తప్పదు, ఇంటికి అరగంట ఆలస్యమవుతుంది కాబట్టి. ఆవిడ ఒకసారి ఆయన వెంట వచ్చారు. "ఎంత ఆలస్యమైనా సరేనండి, కొట్లోనే వాయించుకు రమ్మనండి. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇంట్లో వాయిస్తే పక్కింటివాళ్ళు పిల్లికి ఏమైందని అడిగారు" అన్నారు. ఆయన ఆవిడకంటే ఎక్కువ నవ్వారు.

కాలువ కట్టేసిన కాలం

ఏప్రిల్ చివర్లో ఆయన చెప్పిన మాట ఈ కేసును మలుపు తిప్పింది. నేను నా ధోరణిలో, తప్పిన రోజుల తర్వాత తిరిగి రావడం ఎలాగో చెబుతున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాయి, నీళ్ళు ఆపి కాలువలు కట్టేశారు. వీధి చివర కాలువ అడుగున బురద కనిపిస్తోంది, కూలీలు గుర్రపుడెక్క లాగి గట్టున వేస్తున్నారు.

"కాలువ కట్టేశారంటే గోదావరి ఎండిపోయిందని ఎవరైనా అనుకుంటారా అమ్మా?" అన్నారు.

నేను ఆపి, మళ్ళీ చెప్పమన్నాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ అక్కడి నుంచే నీళ్ళు. కాలువ ఏడాది పొడవునా పారదు. వేసవిలో కట్టేస్తారు, పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు, జూన్‌లో వదులుతారు. రైతు ఆ వదిలే రోజును బట్టి నారుమళ్ళు సిద్ధం చేసుకుంటాడు. కట్టేయడం వైఫల్యం కాదు, నీటి లెక్కలో అదీ ఒక భాగం. నేను మూడు నెలలుగా చెప్పడానికి తంటాలు పడుతున్నది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు.

ఆ రోజే రాసుకున్నాం. కార్తీక మాసంలో కొబ్బరికాయల గిరాకీతో ఊపిరాడదు, ఆ నెల మూత. భోగికి ముందు వారం నుంచి ముక్కనుమ దాకా మూత. ప్రతి మూతకూ ముందే మూడు సంగతులు తేలాలి: ఏ రోజు కట్టేస్తాం, ఏ రోజు వదులుతాం, వదిలిన రోజు చేసే పని ఏమిటి. వదిలిన రోజు పని ఎప్పుడూ ఒకటే: పెట్టె తెరిచి శ్రుతి చేయడం. మూతలో పూడికతీత కూడా పెట్టుకుందామని ఆయనే అన్నారు. కార్తీకంలో కమాను వెంట్రుకలు మార్పించడానికి రాజమండ్రి పంపుతారట. తిరిగి తెరిచే తేదీ పోలి పాడ్యమి. తెల్లవారుజామున భార్య అరటిదొప్పలో దీపాలు వదిలిన రోజున, రాత్రి ఈయన పెట్టె తెరవాలి.

తెరిచారు. 29 రోజుల మూత తర్వాత, అనుకున్న రాత్రే.

దీనికి పక్కన ఇంకో సంగతి పెట్టకపోతే నిజాయితీ కాదు. ఆగస్టులో ఆయన తల్లి జారిపడి తుంటి ఎముక విరిగింది. కాకినాడ ఆసుపత్రిలో పదిహేడు రోజులు. ఆ విరామానికి తెరిచే తేదీ ఎవరం రాయలేదు. ఆవిడ ఇంటికి వచ్చాక కూడా తొమ్మిది రోజులు పెట్టె తెరుచుకోలేదు. అమ్మ మంచం మీద ఉండగా వాయించడమేమిటన్న బెరుకు కొంత, తేదీ లేకపోవడం కొంత. పదో రోజున ఆ తల్లే అడిగారట, "ఏరా, ఆ డబ్బా పట్టుకోవడం మానేశావా?" అని. ఆ తర్వాతి నుంచి, అనుకోని విరామం వస్తే రెండో రోజునే ఏదో ఒక తేదీ క్యాలెండర్ మీద వేయడం నియమం చేశాం. తేదీ తప్పయినా ఫరవాలేదు, మార్చుకోవచ్చు. ఒక మనిషి అనుభవం మీద సిద్ధాంతం కట్టను. కానీ ఈ ఒక్క మనిషిలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఊపి చూడటం

జూలైలో ఒక చిక్కు వచ్చింది. ప్రతి వారం ఫోనులో తన వాయిద్యం రికార్డు చేసుకుని వింటున్నారని తెలిసింది. విన్న ప్రతిసారీ నీరసం. ఇరవై ఏళ్ళ వయసునాటి చేయి గుర్తుంది, ఇప్పటి చేయి దానికి అందదు.

కురిడీ ఎలా తయారైందో మీకెలా తెలుస్తుందని అడిగాను. "ఊపి చూస్తామండి. నీళ్ళ చప్పుడు పోయి, లోపల గుండు కదిలిన చప్పుడు వస్తే అయినట్టు. అది పది నెలల మాట. మధ్యలో కుతూహలపడి పగలగొడితే అది కొబ్బరీ కాదు, కురిడీ కాదు" అన్నారు. అని, ఫోను వైపు చూసుకుని, నేనేమీ అనకముందే, "సరే, సరే" అన్నారు. రికార్డింగు మూడు నెలలకు ఒకసారి అనుకున్నాం.

నడక

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, గొప్పా లేదు. కాలువ గట్టు మీద ఉదయపు నడక జూన్ వానలకు బురదలో కలిసింది. తర్వాత కొట్టుకూ గోదాముకూ మధ్య స్కూటరు మానేసి నడవడం అనుకున్నాం. రోజుకు నాలుగు విడతలు, మొత్తం రెండు కిలోమీటర్లు మించదు. ఎండ, వాన, లోడు ఉన్న రోజు స్కూటరే. సగటు చక్కెర 7.6కు దిగింది. అయితే జూన్‌లో డాక్టరు మందు కూడా మార్చారు కనుక ఆ మెరుగులో నడక వాటా ఎంతో చెప్పలేం. అవసరం కోసం చేసే పనికి, ఇష్టం కోసం చేసే పనికి పెట్టినంత ముడి చాలదనిపిస్తోంది. దీన్ని ఇంకా చూస్తున్నాం.

పది నెలల తర్వాత

మార్చి మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా పెట్టె 188 రాత్రులు తెరుచుకుంది. చాలా రాత్రులు ఇరవై నిమిషాలు, కొన్ని రాత్రులు శ్రుతి మాత్రమే, ఒక రాత్రి రెండు గంటలు. అక్టోబరు రికార్డింగులో మోహన వర్ణం మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, నిలబడింది. దానికి రెట్టింపు వేగమైన రెండో కాలంలో చిట్టస్వరాల దగ్గర చేయి తడబడుతోంది. దానికి గురువు కావాలి, నేను కాదు. పక్క ఊళ్ళో ఒకరిని వెతుక్కుని ఆదివారాలు వెళ్తున్నారు.

భోగికి వారం ముందు, మూతకు ముందు మాటలకు వచ్చారు. చంకలో కొత్త ఏటి డైరీ. అలవాటు కొద్దీ చేయి చాచి మొదటి పేజీ తీశాను. ఒక లారీ నంబరు, దాని కింద కురిడీ రకాల లెక్క: గండేరా ఎన్ని, గటగట ఎన్ని, ఎవరికి ఎంత బాకీ.

"మరి వయొలిన్ సంగతి ఏ పేజీలో రాశారు?" అన్నాను.

"డైరీలో ఎందుకమ్మా? కొట్టు గోడ మీద క్యాలెండర్‌లో ఉందిగా" అన్నారు. "పాలవాడి లెక్క పక్కన. ముక్కనుమ మరునాడు."